బుడాన్ మాస్టారి పాఠానికి ఊ కొట్టిన మనిషి

మార్టూరులో గ్రానైటు కోసే మిషన్ల మీద గెలిచిన గొంతు ఒకటుందంటే అది బుడాన్ మాస్టారిదే. ఆయన స్టాటిస్టిక్స్ చెప్పే డిగ్రీ కాలేజీ గోడకి ఆనుకునే రాళ్ళ పాలిషింగ్ యూనిట్ ఉంది. మిగతా లెక్చరర్లు కిటికీలు మూసుకుని, చెప్పాల్సింది చెప్పేసి బయటపడేవాళ్ళు. ఈయన మూయనిచ్చేవాడు కాదు, ఉక్కపోతకి పిల్లలు కునికిపాట్లు పడతారని. మిషను ఒక మెట్టెక్కితే ఈయన రెండు మెట్లెక్కేవాడు. పాతికేళ్ళకి పైగా ఇదే పోటీ. మాస్టారు కాలేజీలో టీ అడిగితే హైవే మీద హోటలువాడు పోసి పంపిస్తాడని ఊళ్ళో ఓ వేళాకోళం. ఇంటికొచ్చాక కూడా ఆ గొంతు దిగేది కాదు. ఉప్పు తక్కువైందన్న మాట కూడా నాలుగిళ్ళకి వినపడేలా చెప్పేవాడు. "ఇది క్లాసు కాదండీ, వంటిల్లు" అని భార్య సాజిదా రోజుకోసారైనా కసిరేది.

ఆయన క్లాసుకి ఒక పద్ధతి ఉండేది. పిల్లలు ఊ కొట్టాలి. చిన్నప్పుడు వాళ్ళ నాయనమ్మ కథ చెబుతూ ఊ ఆగిపోతే కథ ఆపేసి పడుకునేదట. పాఠం కూడా అంతే అనేవాడు మాస్టారు. అర్థమైతే ఊ కొట్టండి, కాకపోతే ఊరుకోండి, నేనే మళ్ళీ చెబుతాను, అర్థం కాకుండా ఊ అన్నవాడు మాత్రం నన్ను మోసం చేసినట్టే, అనేవాడు. మీసాలొచ్చిన పిల్లలు, ఓణీలు దాటిన పిల్లలు మొదట నవ్వుకునేవాళ్ళు. రెండు వారాలు తిరిగేసరికి వాళ్ళకి తెలియకుండానే ఊ కొట్టేవాళ్ళు. సాజిదాకి ఈ సంగతంతా వినికిడే. పెళ్ళయిన నాటి నుంచీ ఆమె ఆయన బట్టలుతికింది, క్యారేజీ కట్టింది, కూతుర్ని పెంచి చీరాల సంబంధం చేసింది. ఆయన పాఠం మాత్రం ఒక్కనాడూ వినలేదు. పదో తరగతితో చదువాగిపోయిన మనిషికి కాలేజీలో ఏం పని అనుకునేది.

ఆ ఏడు పత్తి తీతల రోజుల్లో మాస్టారి గొంతు బొంగురుపోయింది. మిరియాల కషాయం తాగాడు, పసుపు పాలు తాగాడు. తగ్గలేదు. చివరికి గుంటూరు తీసుకెళితే, స్వరపేటిక మీద గడ్డ ఉందన్నారు. తీసెయ్యాలి, ప్రాణానికి భయం లేదు, కానీ మాట మునుపటిలా రాదు, గాలి మాట ఏదో మిగులుతుంది, అది కూడా దగ్గర కూర్చున్నవాళ్ళకే వినపడుతుంది అని డాక్టరుగారు మెల్లగా చెప్పాడు. సాజిదా అక్కడే కొంగు నోట్లో కుక్కుకుంది. ఈ మహానుభావుడు ప్రాణం గురించి ఒక్క మాటైనా అడిగితే ఒట్టు. సిలబస్ ఇంకా సగం ఉందండీ, ఆపరేషను ఎన్నాళ్ళు ఆపగలరు అని అడిగాడు. నెల కంటే కుదరదన్నారు.

తిరిగొచ్చే బస్సు చిలకలూరిపేట దాటింది. ఆ తర్వాత అన్నాడు, "గొంతు లేకపోతే నేనింకేం మాస్టార్ని, సాజిదా?"

ఆమె ఆయన చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

మిగిలిన పాఠాలన్నీ వీడియోలు తీసి పెడితే బాగుంటుందని ప్రిన్సిపాలే సలహా ఇచ్చాడు. ఆ నెలంతా ఇంట్లోనే తీసుకోమన్నాడు. గొంతు పోయినా పాఠం మిగులుతుందన్న ఆశతో మాస్టారు సరేనన్నాడు. ముందుగదిలో గోడకి నల్లబోర్డు తగిలించాడు. బియ్యం డబ్బాకి ఫోను ఆనించాడు. చొక్కా మార్చుకున్నాడు, తల దువ్వుకున్నాడు. అంతా సిద్ధం. ఫోను ముందు నిలబడితే మాట పెగల్లేదు. రెండు ముక్కలు చెప్పి ఆగేవాడు. చెవి రిక్కించి నిలబడేవాడు. మళ్ళీ మొదలుపెట్టేవాడు. మిషన్లని గెలిచిన మనిషి అరచేతంత ఫోను ముందు ఓడిపోయి, కుర్చీలో కూలబడి, అది ఊ కొట్టడంలేదే అన్నాడు, చిన్నపిల్లాడిలా.

సాజిదాకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. గోరుచిక్కుడుకాయలు, కత్తిపీట తెచ్చుకుని ఫోను వెనకాల చతికిలబడింది. ఫోనేం కొడుతుంది, నేను కొడతా చెప్పండి అంది.

అట్లా మొదలైంది. మొదటి పాఠం శాంపిలింగు. యార్డులో మిరపకాయ కొనేవాడు బస్తా అంతా గుమ్మరించి చూస్తాడా, చెయ్యి పెట్టి పిడికెడు తీస్తాడు, ఆ పిడికెడే శాంపిలు, దాన్ని చూసి బస్తా ఎట్లా ఉందో చెబుతాడు, అన్నాడు మాస్టారు. సాజిదా ఊ అనలేదు. ఆయన మళ్ళీ చెప్పాడు. మళ్ళీ అనలేదు. ఏమైంది అన్నట్టు చూశాడు. ఆమె కాయ తరుగుతూ తలెత్తకుండానే, పైన మంచి కాయ పోసి అడుగున తాలు కాయ పెట్టినవాడి సంగతేంటి, మా చిన్నాన్న అట్లాగే చేసేవాడు కదా అంది. మాస్టారు ముఖం ఎట్లా వెలిగిందో చెప్పడం కష్టం. చేతిలో సుద్దముక్క విరిగిపోయింది. దాన్నే బయాస్ అంటారు, అందుకే చెయ్యి పైనుంచొకసారి, మధ్యలోంచొకసారి, అడుగునుంచొకసారి పెట్టాలంటాం అని ఎగిరి గంతేసినంత పనిచేశాడు. అదంతా వీడియోలోకి ఎక్కింది. ఆమె చిన్నాన్న పరువుతో సహా.

ఆ నెలలో సాజిదాకి తన మొగుడు కొత్తగా తెలిశాడు. ఆమెకి సగం తలకెక్కేది, సగం ఎక్కేది కాదు. ఎక్కనిచోట ఊ కొట్టకుండా ఊరుకునేది. ఆయన ఇంకోరకంగా చెప్పేవాడు, మరోరకంగా చెప్పేవాడు. ఒక్కసారీ విసుక్కోలేదు. ఇంట్లో కండువా కనపడకపోతే ఇల్లెగరగొట్టే మనిషికి ఇంత ఓపిక ఎక్కడిదని ఆశ్చర్యపోయింది. ఇన్నేళ్ళూ ఈ మనిషిని ఎవరెవరి పిల్లలో అనుభవించారన్న కుళ్ళు కూడా కలిగింది. కలిగిందని తనే ఒప్పుకుని, కూతురికి ఫోను చేసి చెప్పి నవ్వుకుంది.

ఆపరేషను దగ్గరపడేకొద్దీ గొంతు అరిగిపోయింది. వేడినీళ్ళు తాగి ఒక వాక్యం, గుటక మింగి ఇంకో వాక్యం. మింగినప్పుడల్లా ముఖం ముడుచుకునేవాడు. ఆఖరి పాఠాలు విచలనం గురించి. సగటుకి ఒక్కో అంకె ఎంత దూరంలో ఉందో తీసి, ఆ తేడాలన్నీ కూడితే సున్నా వస్తుంది, అందుకే వాటిని వర్గం చేస్తాం అని బోర్డు మీద రాసి, సాజిదా వంక చూశాడు. ఆమెకి ఒక్క ముక్క అర్థం కాలేదు. సున్నా ఎందుకొస్తుంది? ఊరుకుంటే ఆయన మళ్ళీ చెబుతాడు. ఆ గొంతుతో మళ్ళీ చెబుతాడు. సాజిదా ఊ అంది. మాస్టారు అనుమానంగా ఒక్క క్షణం ఆగాడు. ఆమె కాయలవైపు చూస్తూ ఇంకోసారి, గట్టిగా, ఊ అంది. ఆయన ముందుకు వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి ప్రతి మాటకీ ఊ కొట్టింది. పాఠాలు చకచకా అయిపోయాయి. తప్పని తెలుసు. తెలిసే చేసింది. కట్టుకున్నవాడు ముళ్ళు మింగినట్టు మాటలు మింగుతుంటే ఎదురుగా కూర్చుని మళ్ళీ చెప్పమనడానికి ఆమె రాయి కాదు.

ఆపరేషను బాగానే జరిగింది. డాక్టరు చెప్పినట్టే గొంతు పోయింది. మాస్టారు పలక పట్టుకుని ఇంటికొచ్చాడు.

కాలేజీ కంప్యూటర్ ల్యాబులో పనిచేసే లక్ష్మీకాంత్ వీడియోలన్నీ తీసినవి తీసినట్టు పిల్లలకి పంపేశాడు. ఇంకేముంది! పాఠం వెనకాల ఆడగొంతుతో ఊ, ఊ అని వినపడుతుంటే పిల్లలకి పండగైంది. ఎవరేమన్నా ఊ కొట్టడం, తాలు కాయ పెట్టినవాడి సంగతేంటి అని రాగం తీయడం, నవ్వడం. కూరగాయల కొట్టు దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు అట్లా అనుకుంటూ పోతుంటే సాజిదా చెవిన పడింది. ఆమె ముఖం కందగడ్డైంది. లక్ష్మీకాంత్‌కి ఫోను చేసి, నా గొంతు తీసేస్తావా, కాలేజీకొచ్చి నీ కంప్యూటరు పీకమంటావా అంది. అతను పాపం రెండు రోజులు కూర్చుని ఆమె ఊలు, ప్రశ్నలు, మాస్టారు రెండోసారీ మూడోసారీ చెప్పినవీ కత్తిరించి, నున్నగా చేసి మళ్ళీ పంపించాడు. గంట పాఠం అరగంటైంది.

దాంతో గొడవ తీరిందనుకుంది. వారం తిరక్కుండా జమీలా వచ్చి తలుపు కొట్టింది. జమీలా ఆ ఊరి కోల్డ్ స్టోరేజీ దగ్గర షెడ్డులో మిరపకాయకి తొడిమలు తీస్తుంది. ఇద్దరు పిల్లల తల్లి. దూరవిద్యలో డిగ్రీ కట్టింది, మాస్టారి కాలేజీలోనే పరీక్ష రాస్తుంది. గుమ్మం బయటే నిలబడి, లోపలికి రమ్మన్నా రాకుండా, నీ ఊ తీసేశారంటక్కా, నాకది కావాలి అంది.

ఎగతాళికొచ్చిందేమోనని సాజిదా కళ్ళెర్ర చేసింది. జమీలా రెండు చేతులూ చాపి చూపించింది. వేళ్ళు కమిలి ఎర్రగా ఉన్నాయి.

"పొద్దుటి నుంచీ సాయంత్రందాకా చేతులు కారమే కదక్కా. ఫోను ముట్టుకోలేను. పక్కన పెట్టుకుని వింటా. అర్థం కాకపోతే వెనక్కి తిప్పుకునే వీల్లేదు. నువ్వు ఊ కొట్టకుండా ఊరుకున్నప్పుడు సారే మళ్ళీ చెప్పేవాడు. నాకోసం నువ్వే అడుగుతున్నట్టుండేది."

సాజిదా ఆమెని లోపలికి లాగి కూర్చోబెట్టి టీ ఇచ్చింది. తర్వాత లక్ష్మీకాంత్‌కి మళ్ళీ ఫోను చేసింది. తీసిన ఊలు పెట్టమంది. అతనికి తల తిరిగిపోయింది. చివరికి రెండూ ఉంచాడు. ఊ ఉన్న పాఠం, ఊ లేని పాఠం. ఎవరికి కావలసింది వాళ్ళు చూసుకుంటారు. శ్రీరమ్య అని చురుకైన పిల్ల, ఊ లేని పాఠం తీసుకుని, దాన్ని కూడా రెట్టింపు వేగంలో పరిగెత్తించి, బస్సు దిగేలోపు ముగించేసేది. షెడ్డులో జమీలా ఊ ఉన్నదే పెట్టుకునేది. ఆమె చుట్టూ తొడిమలు తీసే ఆడవాళ్ళు, చదువుకీ తమకీ సంబంధం లేనివాళ్ళు కూడా, మాస్టారికి ఊ కొట్టడం మొదలుపెట్టారని చెబితే సాజిదా కడుపుబ్బ నవ్వింది.

నవ్వింది కానీ, ఒకసారి ఆటోలో పోతుంటే పక్కనున్న అమ్మాయి ఫోన్లోంచి ఆ గొంతు వినపడింది. నిండుగా, గోడలదిరేట్టు. సాజిదా దిగాల్సిన చోటు దాటిపోయింది. ఊరంతా వినపడుతున్న గొంతు మా ఇంట్లోనే లేదు కదా అని ఆటోలో బాహాటంగా ఏడ్చింది. ఆ అమ్మాయి కంగారుపడి ఫోను ఆపబోతే, ఆపొద్దమ్మా అని బతిమాలింది.

మాస్టారు మాత్రం ఇల్లు కదల్లేదు. గాయం మానింది, డాక్టరు తిరగమన్నాడు. శుక్రవారం మసీదుకి వెళ్ళి రావడం, కుర్చీలో కూర్చోవడం, అంతే. ప్రిన్సిపాలు ఇంటికొచ్చి చూసి, మీ పాఠాలు మా దగ్గర భద్రంగా ఉన్నాయి మాస్టారూ, మీరు హాయిగా విశ్రాంతి తీసుకోండి అని భుజం తట్టి వెళ్ళాడు. మంచికే అన్నాడు. ఆ మంచి మాటే మాస్టారి మీద బండరాయిలా పడింది. పాఠం ఫోన్లో ఉంది, ఇక నాతో పనేముంది, ఈ నెలాఖరుకి రిటైర్మెంటు పెట్టేస్తా అని పలక మీద రాసి చూపించాడు. సాజిదా పలక లాక్కుని కొంగుతో తుడిచేసింది. మర్నాడు అదే మళ్ళీ రాశాడు. ఒక్కోసారి తన వీడియోని శబ్దం లేకుండా పెట్టుకుని, తన పెదాలు కదలడం చూస్తూ కూర్చునేవాడు. అది చూసినరోజు ఆమెకి అన్నం దిగేది కాదు. చదువు చెప్పకపోతే ఈ మనిషి మిగలడని ఆమెకి తెలుసు. ఏం చెయ్యాలో తెలియదు.

అట్లాంటి రోజుల్లో ఒక ఆదివారం స్తుతి వచ్చింది. మార్టూరు పక్క పల్లె పిల్ల, బీకాం రెండో సంవత్సరం. చర్చి నుంచి నేరుగా వచ్చినట్టుంది, తల మీద ముసుగు ఇంకా తీయలేదు. క్లాసులో ఆఖరి బెంచీ, నోరు విప్పని పిల్ల. పరీక్షలో సగం కాగితం తెల్లగా ఇచ్చానని తల దించుకుని చెప్పింది. వీడియో చూడలేదా అని సాజిదా అడిగింది. రెండు రకాలూ చూశానంది. మెల్లగా పెట్టుకుని చూసింది, వెనక్కి తిప్పుకుని చూసింది, రాసుకుని చూసింది. విచలనం దగ్గరికొచ్చేసరికి బండి ఆగిపోతోంది. అందరికీ వస్తున్నప్పుడు నీకెందుకు రాదని ఇంట్లో అన్నయ్య తిడుతున్నాడు.

మాస్టారు పలక తీసి, వీడియో మళ్ళీ చూడమ్మా, అందులో అంతా చెప్పాను అని రాశాడు. రాసి కుర్చీలో వెనక్కి వాలాడు.

స్తుతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాకర్థం కాలేదని ఫోనుకి తెలీదు కదా సార్. మీకు తెలిసేది."

మాస్టారు పలక పక్కన పెట్టాడు. తర్వాత లేచి వచ్చి, ఆమె పక్కన చాప మీద కూర్చుని, ఫోను పెట్టమని సైగ చేశాడు. ఊ ఉన్న పాఠమే పెట్టింది. పాత గొంతు గదంతా నిండింది. మాస్టారు ఫోను వంక చూడనేలేదు. పిల్ల నుదురే చూస్తున్నాడు. తేడాలన్నీ కూడితే సున్నా వస్తుంది అని ఫోను అంది. సాజిదా గొంతు ఊ అంది. కాసేపాగి గట్టిగా ఇంకోసారి ఊ అంది. స్తుతి నుదుటి మీద ముడత పడింది. మాస్టారు టక్కున వేలు పెట్టి వీడియో ఆపేశాడు.

అప్పుడు సాజిదా ఇక ఉండబట్టలేకపోయింది. వంటింటి గుమ్మంలో నిలబడి, చేతిలో ఎండుమిరపకాయల పళ్ళెంతోనే చెప్పేసింది.

"అక్కడ నాకూ అర్థం కాలేదండీ. మీ గొంతు నెప్పి చూడలేక ఊ అన్నా. అక్కడి నుంచి అన్నీ దొంగ ఊలే."

ఆమె తిడతాడనుకుంది. కనీసం మొహం తిప్పుకుంటాడనుకుంది. మాస్టారు చెయ్యి చాపి, ఆ పళ్ళెం ఇట్లా ఇమ్మని సైగ చేశాడు. పక్కన కూర్చోమని చాప తట్టాడు.

చాప మీద మూడు కుప్పలు పెట్టాడు. ఒకదాంట్లో రెండు మిరపకాయలు, ఒకదాంట్లో నాలుగు, ఒకదాంట్లో ఆరు. ఇద్దరి ముఖాలూ చూశాడు. పెద్ద కుప్పలోంచి రెండు కాయలు తీసి చిన్న కుప్పలో వేశాడు. మూడు కుప్పలూ నాలుగేసి అయ్యాయి. నాలుగు మీద వేలు పెట్టి, సగటు అన్నట్టు గుండ్రంగా తిప్పాడు. మళ్ళీ ఆ రెండు కాయల్నీ పాత చోటికి మార్చాడు. ఇక్కడ రెండు ఎక్కువ అని రెండు వేళ్ళు పైకి, అక్కడ రెండు తక్కువ అని రెండు వేళ్ళు కిందికి. రెండు చేతుల వేళ్ళూ ఒకదానికొకటి తాకించి, అరచేతులు విప్పి, ఏమీ లేదని చూపించాడు.

స్తుతి గబుక్కున ముందుకు వంగింది. ఎక్కువైందే తక్కువైనచోటికి సరిపోతోంది, అందుకే కూడితే ఏమీ మిగలడంలేదు, అందుకే సున్నా అని తనలో తనే గొణుక్కుంది. ఇంకో మూడు కుప్పలు తనే పెట్టుకుని, తనే లెక్కేసుకుని చూసింది. ఆ పిల్ల గొంతు అంత గట్టిగా ఉంటుందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. సాజిదా కూడా రెండోసారికి పట్టుకుంది. పట్టుకున్నాకే ఊ అంది.

వర్గం చేయడం దాకా వచ్చేసరికి మధ్యాహ్నమైంది. స్తుతి అక్కడే అన్నం తింది. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర నసిగి నసిగి, తనలాంటివాళ్ళు క్లాసులో ఇంకా కొందరున్నారని, అక్కడ వీడియో పెట్టుకుని చూస్తున్నప్పుడు సార్ ఊరికే వచ్చి ఎదురుగా కూర్చున్నా చాలని చెప్పి, జవాబు వినకుండానే పారిపోయింది. మాస్టారు ఆ సాయంత్రం పలక ముట్టుకోనేలేదు. సాజిదా అడగడానికి భయపడింది.

సోమవారం పొద్దున్నే ఆమె పెసరట్టు పెనం మీద వేసి చూసేసరికి, మాస్టారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్నాడు. అట్టు అవుతోంది, తిని వెళ్ళండి అని ఆమె అరిచింది. ఆయన గబగబా వెనక్కొచ్చి ఆమె చెవి దగ్గరికి వంగాడు. ఆపరేషను అయ్యాక ఆ మనిషి నోట మాట కోసం ప్రయత్నించడం అదే మొదలు. గొంతు లేదు, ఉత్త గాలే. అయినా ఆమెకి స్పష్టంగా వినపడింది.

"క్లాసుంది."